అప్‌డేట్: ఎనిమిదో తరగతికి బుర్రకథ ఫక్కీలో అల్లూరి పాఠం

మధ్యాహ్న భోజనం తర్వాత సోషల్ పీరియడ్‌లో పిల్లల్ని కథతో ఎలా కట్టిపడేయాలని అడిగాను కదా. బుర్రకథలో వంతల్ని వాడుకునే పద్ధతి ప్రయత్నించమని ఒకరు చెప్పారు. అదే చేశాను. బ్రహ్మాండంగా పనిచేసింది, చాలా థాంక్సండీ.

బుర్రకథలో కథకుడికి చెరో పక్కన ఒక వంత ఉంటాడు. హాస్యం చెప్పే వంత జనం మనసులో ఉన్న ప్రశ్నే అడుగుతాడు, రెండోవాడు కథను ఇప్పటి సంగతులకు ముడిపెడతాడు. వెనక బెంచీ పిల్లలిద్దర్ని నాకు వంతలుగా నిలబెట్టుకున్నాను.

అల్లూరి తిరుగుబాటుకు కారణాలు ముందు చెప్పలేదు. సరాసరి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్‌లోకి తీసుకెళ్ళాను. రామరాజు తుపాకులు పట్టుకుపోతూ, ఏమేం తీసుకెళ్తున్నాడో స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టాడు. అక్కడ ఆపేశాను.

"సంతకం ఎందుకు సార్? దొరికిపోడా?" అన్నాడు హాస్యం వంత. క్లాసంతా అదే ప్రశ్న! అప్పుడు విప్పాను: ఇది దొంగతనం కాదు, బాహాటంగా చేసిన తిరుగుబాటు; దాని వెనక 1882 మద్రాసు అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు, మన్యం రోడ్ల పనిలో ఎగ్గొట్టిన కూలి. ఇవే ముందు చెప్పుంటే సగం మంది కునికేవారు. ఇప్పుడు తామే అడిగారు కాబట్టి జవాబు కోసం కాచుకున్నారు.

"తందాన తాన" మాత్రం కథ మలుపు తిరిగే చోటే అనిపించాను. మాటిమాటికీ అంటే ఊపు పోతుంది.

ఇది చేయాలనుకునే టీచర్లకు ఒక్క మాట: వంతలకు ప్రశ్నలు ముందే రాసివ్వకండి. నిజంగా పుట్టిన సందేహమైతేనే మిగతా పిల్లలు అందుకుంటారు. వచ్చేవారం రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ మీద రామరాజు దాడి చెప్తాను, వేరే ఇద్దరు వంతలతో.