ఉప్పులేని కూర ‘యొప్పదు’ రుచులకా, ‘హీనంబు’ రుచులకా?

బందరు కాలవ:
ఆదివారం మా అమ్మాయి కోల్‌స్లా చేసింది. క్యాబేజీ, క్యారెట్ సన్నగా తరిగి, మయొనైజ్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టింది. తినే వేళకి అడుగున తెల్లటి నీళ్లు చేరాయి, ముక్క చప్పగా ఉంది. ముందు ఉప్పు పట్టించాలమ్మా అని చెబుతూ వేమన పద్యం ఎత్తుకున్నాను. ‘ఉప్పులేని కూర’ దాకా వచ్చి ఆగిపోయాను. మా నాయనమ్మ ‘హీనంబు రుచులకు’ అనేది, ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. నా నోటికి మాత్రం ‘యొప్పదు రుచులకు’ అని వస్తోంది, బడిలో నేర్చుకున్నదేమో. రెండు రోజులుగా బుర్రలో ఇదే తిరుగుతోంది. ఏది సరైన పాఠం? పచ్చి క్యాబేజీకి ఈ పద్యం చెప్పొచ్చా అన్నది రెండో సందేహం. కూర అంటే వండిందే కదా?

యతిమైత్రి:
‘యొప్పదు’ అనండి, సందేహం వద్దు. ఆటవెలది మొదటి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరానికి, పాదం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని చెలిమి, కుదరాలి. ‘ఉ’కి ‘ఒ’ చెల్లుతుంది. ‘హీ’ ఎక్కడ చెల్లుతుంది? హకారానికి అచ్చులతో చెలిమి ఉన్న మాట నిజమే, కానీ ‘హీ’ వెళ్లి కలిసేది ఇ, ఈ, ఎ, ఏలతో. ‘ఉ’తో కాదు.

గోదారి గట్టు:
మా ఇంట్లోనూ హీనంబే అండి. గణాలు చక్కగా సరిపోయాయి చూడండి. ‘హీనంబు’ తగణం, ‘రుచులకు’ నలం. రెండూ ఇంద్రగణాలే, ఆ చోట ఉండాల్సినవి అవే. ఇక యతి అంటారా, వేమన పద్యాలు తాటాకుల మీదికంటే ముందు నాలుకల మీద బతికాయి. 1829లో బ్రౌన్ దొర అచ్చు వేయించేటప్పుడే ఒక్కో పద్యానికి ఎన్ని పాఠాలు ఎదురయ్యాయో! మూడు తరాల ఆడవాళ్లు వంటింట్లో చెప్పుకున్న పాఠాన్ని ఒక్క యతితో కొట్టేయకండి మేష్టారూ.

యతిమైత్రి:
కొట్టేయడం లేదమ్మా. వేమన చెవిని నమ్ముతున్నాను, అంతే. ఉప్పు, పప్పు, అప్పు అని మూడు పాదాల మొదట్లోనూ ‘ప్పు’ పెట్టిన మనిషి, ‘ఒప్పు’ చేతికి అందుతుంటే వదిలేస్తాడా? ఉప్పు–ఒప్పు అన్నప్పుడు రెండో అక్షరాలు కలిసి ప్రాసయతి కూడా పడింది. ‘హీనంబు’ ఎవరో అర్థం తేలిక చేద్దామని తర్వాత పెట్టిన మాట.

గోదారి గట్టు:
అర్థం తేలిక చేయాలనుకున్నవాళ్లు ‘ఒప్పదు’ అనే అచ్చ తెలుగు మాట తీసేసి సంస్కృతం ఎందుకు పెడతారు? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

హోసూరు తోట:
పద్యం సంగతి మీరు తేల్చుకోండి, నాకు ఆ ‘కోల్’ మీద మనసుంది. మా వైపు క్యాబేజీని కోసు అంటాం. కన్నడంలో ఎలెకోసు, తమిళంలో ముట్టైకోసు. కోల్‌స్లా డచ్చి మాట. ‘కోల్’ అంటే క్యాబేజీ, ‘స్లా’ అంటే సలాడ్. న్యూయార్క్ వైపు స్థిరపడ్డ డచ్చివాళ్ల నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. అర్థం తెలియనివాళ్లు చల్లగా తింటాం కదా అని ‘కోల్డ్ స్లా’ అని కూడా అన్నారు. మన సంతలో దొరికే నూల్‌కోల్ ఉందే, అదీ డచ్చి ‘క్నోల్‌కోల్’ నుంచి వచ్చిందే. గడ్డలా ఊరిన కోల్ అన్నమాట. ఒకే కోల్ ఒకచోట మయొనైజ్‌లో మునిగింది, మన దగ్గర సాంబారులో ఉడుకుతోంది.

బందరు కాలవ:
అయ్యో, ఇది మా ఊరి మాటే! డచ్చివాళ్లు 1605లోనే మచిలీపట్నంలో దిగారు. వాళ్లను ఇక్కడ వలందులు అనేవారు, వలందపాలెం ఇప్పటికీ ఉంది. ఫ్రెంచివాళ్లకి పరాసుపేట, ఇంగ్లీషువాళ్లకి ఇంగ్లీషుపాలెం. నూల్‌కోల్ మా రేవులోనే దిగిందని నా నమ్మకం.

హోసూరు తోట:
రేవు పులికాట్ కూడా కావచ్చండి, వలందుల కోట అక్కడుండేది. ఇంగ్లీషు తోటమాలుల నోటి మీదుగా తర్వాతెప్పుడో వచ్చిందన్నా కాదనలేం. ‘స్లా’ గురించి మాత్రం ఒక్క మాట. అది ‘సలాడె’కు కుదింపు. సలాడ్‌కి మూలం లాటిన్ ‘సాల్’, అంటే ఉప్పు. సలాడ్ అంటేనే ఉప్పు వేసినది. మీ అమ్మాయి చేసినదానికి ఆ పేరు చెల్లాలంటే ఉప్పు పడాల్సిందే.

గోదారి గట్టు:
లవణం నుంచి లావణ్యం వచ్చినట్టు! ఎంత చక్కగా చెప్పారు.

ఓరుగల్లు కోట:
రెండో ప్రశ్నను అందరూ మర్చిపోయిన్రు. మా ఊళ్ల ‘ఇయ్యాల కూర’ అంటే యాటకూర, మాంసం అనే అర్థం చేసుకుంటరు. కాయగూర అయితే పేరు పెట్టి బీరకాయ అనో టమాట అనో చెప్తం. పచ్చి ఆకును కూర అనుడు ఎట్ల?

బందరు కాలవ:
తోటకూర, పాలకూర, మెంతికూర మడిలో ఉండగానే కూరలు కదన్నా? గోగు, కూర కలిస్తే గోంగూర. కూరగాయ అన్నది వండకముందు పేరు. అందుకే నాకు అనుమానం వచ్చింది.

యతిమైత్రి:
మడిలో ఉన్నా వండుకోవడానికి పనికొస్తుంది గనకే కూర. పచ్చిదాన్ని పచ్చడి అంటాం.

ఓరుగల్లు కోట:
గోంగూర పచ్చడిల ఆకు వేగుతది సార్.

గోదారి గట్టు:
శ్రీనాథుణ్ణి అడుగుదాం. ఆయనదిగా చెప్పే చాటువులో ‘తింత్రిణీ పల్లవయుక్తమౌ నుడుకు బచ్చలిశాకము’ అని, అంటే చింతచిగురు వేసిన ఉడుకు బచ్చలికూర అని ఉంది కదా. శాకం అంటేనే వండినదైతే ‘ఉడుకు’ అని విడిగా ఎందుకు చెప్పాలి? ఆ మాట తలుచుకుంటే చాలు, జొన్నకూడు ముందు పెట్టుకుని కృష్ణుణ్ణి సవాలు చేస్తున్న ఆ మనిషి కళ్లముందు నిలబడతాడు. పూతన పాలు తాగావు, కార్చిచ్చు మింగావు, సరే, ఈ ముద్ద ఒక్కటి దిగమింగు చూద్దాం అంటాడు. తెలుగులో ఇంత దగ్గరగా దేవుడితో మాట్లాడిన పద్యాలు నాకు తక్కువే తెలుసు.

యతిమైత్రి:
అక్కడ ‘ఉడుకు’ అంటే ఉడికించినదని కాదమ్మా, వేడివేడిగా ఉన్నదని. ఉడుకునీళ్లు అంటామే, అలా. నాలుక కాలాలి, అప్పుడు కదా కార్చిచ్చుతో పోలిక.

గోదారి గట్టు:
ఒప్పుకుంటున్నాను మేష్టారూ, కార్చిచ్చు సంగతి నాకు తట్టలేదు. హీనంబు మాత్రం వదలను.

క్యారీ వంటిల్లు:
ఆలస్యంగా చూశాను. నేనుండేది నార్త్ కరొలైనా. ఇక్కడ లెక్సింగ్టన్ వైపు స్లా ఎర్రగా ఉంటుంది. మయొనైజ్ వేయరు. వెనిగర్, టమాటా కెచప్, మిరియప్పొడి కలుపుతారు. నాకు అదే ఇష్టం, పులుపూ కారం తెలిసిన నాలుక కదా. కాలవ గారూ, మీ అమ్మాయికి ఇలా చెప్పండి. అరకిలో క్యాబేజీ తరుగుకి చెంచా ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో గంటసేపు ఉంచాలి. తర్వాత గుప్పిట్లో గట్టిగా పిండితే ఊట దిగుతుంది. మాగాయ ముక్కలకి ఊట తీసినట్టే. నీరు ముందే పోయింది కాబట్టి తర్వాత ఏం కలిపినా పలచనవదు. ముక్క వంగుతుంది కానీ కరకర పోదు. మయొనైజే కావాలంటే సగం వేసి, సగం గట్టి పెరుగు కలపండి. పైన చిటికెడు ఆవపొడి. ఆవపెట్టిన కూర తిన్నవాళ్లకి ఆ ఘాటు వెంటనే తెలుస్తుంది.

బందరు కాలవ:
నిన్న సాయంత్రం చేశాం. పిండుతుంటే అమ్మాయి వేళ్ల సందుల్లోంచి ఊట లేతాకుపచ్చగా కారింది. ఇన్ని నీళ్లా అని ఆశ్చర్యపోయింది. పెరుగు, ఆవపొడి, నాలుగు చుక్కల నిమ్మరసం వేశాం. ఈసారి ముక్కకే రుచి వచ్చింది. గిన్నె ఖాళీ అయింది. పద్యం మాత్రం పూర్తి చేయలేకపోయాను.

గోదారి గట్టు:
నేనూ ఒక పని చేశాను. మా పెద్దత్తకి ఎనభై నాలుగేళ్లు. ఫోన్ చేసి ఆ పద్యం చెప్పత్తా అన్నాను. ఎందుకో చెప్పలేదు. మొదటిసారి ‘హీనంబు’ అంది. సరిగ్గా వినపడలేదత్తా అంటే మళ్లీ చెప్పింది. ఈసారి ‘యొప్పదు’ అంది. తను తేడా గమనించలేదు. రెండూ రికార్డు చేశాను, రెండూ నాకు అందంగానే వినిపించాయి.

యతిమైత్రి:
రెండోసారి చెప్పినప్పుడు ‘కూర’ దగ్గర ఊపిరి తీసుకున్నారా? మళ్లీ విని చెప్పమ్మా. ఆగకుండా చెబితే ‘కూర యొప్పదు’ అని సంధి కలవాలి. ఆగితే ఆ యకారం రాకూడదు, ‘ఒప్పదు’ అని అచ్చుతోనే వినపడాలి.

గోదారి గట్టు:
ఆగింది మేష్టారూ. ఆగి కూడా ‘యొప్పదు’ అనే అంది.