చేను మీదుగా 11 కేవీ తీగలు: కోత మిషను విషయంలో సలహా కోరుతున్నాను

బెంగళూరు శివారులో, హోసకోటె దగ్గర మా రాగి చేను మీదుగా 11 కేవీ (11 వేల వోల్టుల) విద్యుత్ తీగలు వెళ్తున్నాయి. నిబంధన ప్రకారం అవి పొలంలో నేలకు కనీసం 4.6 మీటర్ల ఎత్తున ఉండాలి. కానీ రెండు స్తంభాల నడుమ బాగా వేలాడి, ఎండ ముదిరిన వేళ ఇంకాస్త దిగినట్టు కనిపిస్తున్నాయి (కంటి అంచనాయే, కర్రతో కొలిచే సాహసం చేయలేదు). వచ్చే వారం కోత మిషను గింజలు దింపే గొట్టాన్ని ఎత్తినప్పుడు, తీగను తాకకపోయినా, బాగా దగ్గరైతే చాలు ప్రమాదమే. గొట్టం మడిచి ఉంచి, దూరంగా గట్టు దగ్గర దింపమంటే డ్రైవరు "ఏం కాదు సార్" అంటున్నాడు. కోత ముగిసేవరకు సరఫరా నిలిపించుకోవడానికి విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేస్తే సరిపోతుందా, లేక స్థానిక విద్యుత్ సెక్షన్ కార్యాలయంలో ముందుగా రాతపూర్వకంగా అడగాలా? తీగ తాకితే సీటులోనే ఉండాలని, మంటలు లేస్తేనే రెండు పాదాలు కలిపి దూకాలని అతనికి ఎలా నచ్చజెప్పాలో కూడా అనుభవమున్నవారు దయచేసి తెలియజేయగలరు.