సర్వర్ ఆబ్జెక్టును పేజీలోనే పెట్టి పంపాలా, విడిగా తెప్పించుకోవాలా?

తుమ్మెద: మా ఆర్డర్ల పేజీకి సర్వర్ వైపు ‘ఆర్డర్’ అనే క్లాసు ఉంది. దాన్ని యథాతథంగా జేసన్‌గా (డేటాను అక్షరాల రూపంలో రాసే పద్ధతి) మార్చి, పేజీలోని స్క్రిప్ట్ ట్యాగ్‌లో ఒక వేరియబుల్‌కు ఇస్తున్నాను. పేజీ తెరుచుకోగానే డేటా సిద్ధం. ఇది తప్పని, ఏపీఐ (స్క్రిప్ట్ సర్వర్‌ను విడిగా డేటా అడిగే దారి) ద్వారా తెప్పించుకోవాలని సహోద్యోగి అంటున్నారు. మీరేమంటారు?

నీలిమేఘం: ఆయన మాటే సరైనది. డేటా కలిపేస్తే ఆ పేజీ ఒక్క వాడుకరికే పనికివస్తుంది. అందరికీ ఒకే ప్రతిని క్యాషేలో ఉంచి ఇవ్వలేరు.

రావిఆకు: ఒప్పుకోను. లాగిన్ అయినవారి ఆర్డర్ల పేజీని ఎలాగూ అందరికీ కలిపి క్యాషే చేయరు. నాలుగు విలువల కోసం ముందు ఖాళీ పేజీ, తరువాత స్క్రిప్ట్, ఆపైన మళ్ళీ సర్వర్‌కు అభ్యర్థన. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నవారిని ఇలా కూర్చోబెట్టడం అన్యాయం.

నా అభ్యంతరం ‘యథాతథంగా’ అన్న మాట మీద. బ్రౌజర్‌కు చేరేది ఆబ్జెక్టు కాదు, దాని విలువలు మాత్రమే. మెథడ్లు (క్లాసులోని ఫంక్షన్లు) రావు. జేసన్‌లో తేదీ అనే రకమే లేదు, అది స్ట్రింగ్‌గా వస్తుంది. ఐడీ 9007199254740991 దాటితే జావాస్క్రిప్ట్ సంఖ్యలో చివరి అంకెలు మారిపోవచ్చు. నా ప్రాజెక్టులో రెండు వేర్వేరు రికార్డులు ఒకే ఐడీతో కనిపించాయి, తప్పు డేటాబేసులో ఉందనుకుని రోజంతా వెతికాను. ఐడీలను స్ట్రింగ్‌లుగానే పంపండి.

అంతకంటే ముఖ్యం: రేపు ఎవరైనా ఆ క్లాసులో లాభశాతం ఫీల్డు చేరిస్తే, అది చెప్పాపెట్టకుండా పేజీ సోర్సులో కనిపిస్తుంది. తెరకు కావలసిన ఫీల్డులతో చిన్న క్లాసు వేరుగా రాసి, దాన్నే పంపండి. ఏపీఐకి మారినా ఈ పని తప్పదు.

నీలిమేఘం: ఫీల్డుల విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ వాడుకరి తన చిరునామాలో స్క్రిప్ట్ ముగింపు ట్యాగ్ రాస్తే? హెచ్‌టీఎంఎల్ పార్సర్‌కు జావాస్క్రిప్ట్ కొటేషన్లతో పని లేదు. స్క్రిప్ట్ అక్కడే ముగిసిపోతుంది, ఆ తరువాత నడిచేది ఆ వాడుకరి రాసిన కోడ్ కావచ్చు.

రావిఆకు: నిజమే. ‘<’ గుర్తును యూనికోడ్ ఎస్కేప్‌గా, అంటే \u003c అనే సంకేతంగా, మార్చి తీరాలి. మామూలు హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ (<) ఇక్కడ పనికిరాదు, స్క్రిప్ట్ ట్యాగ్ లోపల బ్రౌజర్ దాన్ని విప్పదు. ట్యాగ్ రకాన్ని జేసన్‌గా ప్రకటించి, మన స్క్రిప్ట్‌లో పార్స్ చేసుకుంటే ఆ భాగం కోడ్‌గా నడవదు. అయినా ఎస్కేప్ మానకూడదు.

తుమ్మెద: చిరునామాలో ఆ ట్యాగ్ రాసి చూశాను. మిగిలిన జేసన్ అంతా పేజీ మీద అక్షరాలుగా పరుచుకుంది! ఇప్పుడే మారుస్తున్నాను. మరి ఆర్డర్ స్థితి మారుతూ ఉంటుంది, పేజీలో పెట్టింది పాతబడదా?

నీలిమేఘం: పాతబడుతుంది. మొదటి విలువ పేజీలో ఇవ్వండి, తరువాతి మార్పులకు అదే చిన్న క్లాసును ఏపీఐ నుంచి పంపండి. రెండు చోట్లా ఫీల్డుల పేర్లు ఒకటే ఉంటాయి కాబట్టి బ్రౌజర్ వైపు కోడ్ మార్చనక్కరలేదు.