పోటీ లేని పదవికి నిలబడాలా? బరంపురం కాలేజీ సొసైటీలో సోషల్ ఆఫీసర్ ఎన్నికపై చర్చ

గంజాం గళం
బరంపురంలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మా కాలేజీలో విద్యార్థుల రాజకీయ సొసైటీ ఒకటుంది. ఏ పార్టీ జెండా లేదు. వారానికోసారి కూర్చుని బడ్జెట్, కొత్త చట్టాలు, రిజర్వేషన్లు, ఊరి మంచినీళ్ల గొడవ, ఏదైనా మాట్లాడుకుంటాం. ఒడిశాలో విద్యార్థి యూనియన్ ఎన్నికలు ఏళ్ల తరబడి ఆగిపోయాయి కాబట్టి ఓటు అడగడం, ఓడిపోయి మళ్లీ అదే గదిలో కూర్చోవడం మాకు నేర్పే చోటు ఇదొక్కటే.

నెలాఖరుకి కమిటీ ఎన్నికలు. కన్వీనర్, కార్యదర్శి, కోశాధికారి, సోషల్ ఆఫీసర్ (సభలకు, కలయికలకు ఏర్పాట్లు చూసేవారు). నేను కార్యదర్శికి నిలబడదామనుకున్నాను. సీనియర్లేమో "నువ్వు అందరితో కలిసిపోతావు, సోషల్‌కి నామినేషన్ వెయ్యి, పోటీ కూడా ఉండదు" అంటున్నారు. ఆ పని నాకు నిజంగా ఇష్టం. కానీ పోటీ ఉండదన్న మాట గుచ్చుకుంటోంది. ఏం చెయ్యమంటారు?

పర్లాకిమిడి అక్క
వద్దు చెల్లీ. నేను ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. మా సొసైటీలో ఆ పదవి ఏటా ఒక ఆడపిల్లకే వచ్చేది, అదీ ఏకగ్రీవంగా. బరా (వడలు), ఆలూ చాప్ ఎన్ని చెప్పాలి, కుర్చీలు ఎవరు మోస్తారు, వచ్చిన అతిథికి పూలగుత్తి ఎవరిస్తారు, ఇవన్నీ నా నెత్తిన. లోపల తీర్మానం రాస్తున్నప్పుడు నేను బయట టీ గ్లాసులు లెక్కపెడుతున్నాను. ఆ ఏడాది మినిట్స్ పుస్తకంలో నా పేరు "అల్పాహారం ఏర్పాటు చేసినవారు" అన్న చోటే ఉంది. చర్చలో నా మాట ఒక్కటీ నమోదు కాలేదు. కార్యదర్శికి నిలబడు. ఓడిపోయినా ఫరవాలేదు.

ఇచ్ఛాపురం రైలు
అక్క చెప్పినదాన్ని కాదనను. కానీ మీటింగుకి రానివాళ్ల వైపు నుంచి కూడా చూడండి.

మా సొసైటీ సభ సాయంత్రం అయిదున్నరకి. అప్పటికి ఇచ్ఛాపురం వైపు వెళ్లేవాళ్లం స్టేషన్లో ఉండాలి. హాస్టల్ అమ్మాయిలు గేటు మూసేలోగా లోపలుండాలి. సభ అయ్యాక అసలు మంతనాలు గేటు బయట టీ కొట్టు దగ్గర జరుగుతాయి, అక్కడ అమ్మాయిలెవరూ నిలబడరు. చర్చంతా ఒడియాలో. గజపతి జిల్లా నుంచి వచ్చిన తెలుగు పిల్లలకు అర్థం కాక కాదు, నోరు తెరిస్తే యాస పట్టుకుంటారని వెనక బెంచీలో కూర్చుంటారు. సవర, కుయి లాంటి గిరిజన భాషలు ఇంట్లో మాట్లాడుకునే పిల్లలైతే ఆ వెనక బెంచీ దాకా కూడా రారు. తీర్మానం ఎంత గొప్పగా రాసినా, అది రాసింది బస్సు, రైలు అందుకోనక్కరలేని పదిమంది టౌను కుర్రాళ్లే.

సభ ఏ పూట పెట్టాలి, ఎక్కడ పెట్టాలి, కొత్తవాడు గుమ్మంలోకి రాగానే ఎవరు పలకరించాలి, ఎవరి భాషలో... ఈ పని చేసేది సోషల్ ఆఫీసరే. నా లెక్కన కన్వీనర్ చేసే పనికంటే ఇదే ఎక్కువ రాజకీయం.

లీడ్స్‌లో బరంపురం
ఇక్కడ బ్రిటన్‌లో చదువుతున్నాను, ఇక్కడి పద్ధతి చెబుతాను. యూనివర్సిటీల్లో లేబర్, కన్సర్వేటివ్ పార్టీల వైపు ఉండే విద్యార్థి క్లబ్బులకీ సంఘాలకీ కమిటీల్లో సోషల్ సెక్రటరీ పదవి మామూలే. కలిసి కూర్చునే సాయంత్రాలే కొన్నిచోట్ల అసలు చర్చావేదికలు. ఆక్స్‌ఫర్డ్‌లో 1919లో పుట్టిన లేబర్ క్లబ్బు నడిపే 'బీర్ అండ్ బికరింగ్', 1924లో మొదలైన కన్సర్వేటివ్ సంఘం నడిపే 'పోర్ట్ అండ్ పాలసీ' అలాంటివే. చేతిలో గ్లాసు ఉంటుంది, ముందు తీర్మానం ఉంటుంది, వాదన జరుగుతుంది.

అందులోనూ లోపముంది. మందు ముట్టనివాళ్లు, ఇంట్లో కట్టుబాట్లున్నవాళ్లు ఆ సాయంత్రాలకు దూరమవుతారు. అందుకని నాలాంటి విదేశీ విద్యార్థులకు సోషల్ పోస్టు ఎవరి చేతిలో ఉందన్నది చిన్న విషయం కాదు. బరంపురం సభల్లో మందు లేదు గానీ, ఆ టీ కొట్టు చేస్తున్న పని అదే.

డేరా వీధి మాస్టారు
అమ్మాయీ, మన ఊళ్లో రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర ఎలా నడుస్తుందో చూశావు కదా. మన దేవాంగుల వీధుల్లో, కులపెద్ద దేశిబెహరా ఆధ్వర్యంలో, దాదాపు నెల్లాళ్లు. ఎవరింట్లో పురుడు, ఎవరింట్లో మైల, ఏ వీధి ఏ వీధితో మాట్లాడటం లేదు, ఇవన్నీ తెలిసినవాళ్లుంటేనే అది సాగుతుంది. మనుషుల్ని కూడగట్టే పని తక్కువని ఎవరన్నారు? ఈ ఊళ్లో పుట్టిన వి.వి. గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు, తిరిగొచ్చి కార్మికుల మధ్య పనిచేశారు, 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మె నడిపారు. ఆ తర్వాతే కదా పెద్ద పదవులు, 1969లో రాష్ట్రపతి పీఠం. సమ్మె నిలవాలంటే ఏ ఇంట్లో బియ్యం నిండుకున్నాయో తెలియాలి.

పర్లాకిమిడి అక్క
మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. యాత్రలో ఘటాలు నెత్తిన మోసేది ఆడవాళ్లు. యాత్ర ఎప్పుడు, ఎలా అని తేల్చే పెద్దల సభలో ఎంతమంది ఆడవాళ్లు కూర్చుంటారు? గిరి గారి చేతిలో బియ్యం లెక్కతోపాటు సమ్మె నిర్ణయం కూడా ఉంది. మా చేతికి బియ్యం లెక్క ఒక్కటే ఇస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే.

డేరా వీధి మాస్టారు
న్యాయమైన ప్రశ్నే తల్లీ. పనికి విలువుంటే చాలదు, నిర్ణయంలో పాలు కూడా ఉండాలి. ఒప్పుకుంటాను.

రాయగడ రూల్సు
అయితే గొడవ పదవితో కాదు, పదవికి ఉన్న అధికారంతో. మీ సొసైటీ నియమావళి తీసి చూడండి. సోషల్ ఆఫీసర్‌కి కమిటీలో ఓటుందా? విడిగా ఖర్చు పద్దు ఉందా, దాని మీద సంతకం ఎవరిది? ఎజెండాలో అంశం పెట్టే హక్కుందా? ఈ మూడూ లేకపోతే అక్క చెప్పిందే రైటు. ఉంటే మాత్రం రైలు తమ్ముడి మాట నిలబడుతుంది.

ఇంకో మాట. ఎన్నికకి ఖర్చు కట్టడి పెట్టుకోండి. 2006లో విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ యూనియన్ అభ్యర్థికి 5000 రూపాయల పరిమితి పెట్టింది, అచ్చు పోస్టర్లు వద్దంది, చేత్తో రాసినవే గోడకెక్కాలంది. సొసైటీ ఎన్నికకి అవి వర్తించవు. అయినా ఆ చేతిరాత పోస్టరు నియమం తీసుకోండి. ముఖ్యంగా సోషల్ పదవికి, ఎందుకంటే ఆ పేరుతో ఓటర్లకి బిర్యానీలు పెట్టడం మొదలైతే డబ్బున్నవాడే గెలుస్తాడు.

గంజాం గళం
నియమావళి చూశాను. సోషల్ ఆఫీసర్ "ఆహ్వానితురాలు" మాత్రమే, ఓటు లేదు. అంటే వాళ్లు నన్ను కమిటీలోకి పిలవడం లేదు, కమిటీకి సేవ చెయ్యమంటున్నారు.

నామినేషన్ల కన్నా ముందు సర్వసభ్య సమావేశం ఉంది. అక్కడ సవరణ పెడతాను: ఓటు, పద్దు మీద సంతకం, ప్రతి నెలా ఒక అంశం. దాంతోపాటు నెలలో ఒక సభ మధ్యాహ్నం పూట, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లు మాట్లాడేలా, పక్కన అనువదించేవాళ్లతో. సవరణ నెగ్గితే సోషల్‌కే వేస్తాను, గునుపురం నుంచి వచ్చే నా క్లాస్‌మేట్‌ని నా మీద పోటీకి నిలబడమని అడిగాను, ఒప్పుకున్నాడు. ఎవరు గెలిచినా ఓట్లతోనే గెలవాలి. సవరణ వీగిపోతే కార్యదర్శికి వేస్తాను, ఇదే సవరణ నా మేనిఫెస్టో.

పర్లాకిమిడి అక్క
ఇలాగైతే నా మద్దతు నీకే. ముసాయిదా ఇక్కడే పెట్టు, అక్షరం అక్షరం చూస్తాను. పద్దు మీద సంతకం సంగతి మొదటి వాక్యంలోనే రాయి. కిందికి తోస్తే, టైమైపోయిందని దాన్ని వదిలేసి మిగతావి ఆమోదిస్తారు.

ఇచ్ఛాపురం రైలు
సర్వసభ్య సమావేశం కూడా అయిదున్నరకేనా? అయితే ముందు ఆ టైము మార్పించండి. మా బండివాళ్లం లేకుండా ఓటింగ్ జరిగితే మీ సవరణ నెగ్గదు.