హెరాల్డ్ చాసిస్ మీద రెండు సీట్ల ఓపెన్ కారు: మోడల్ అయింది, రేకు దగ్గర ఆగింది

గంటస్తంభం కుర్రోడు, విజయనగరం

అందరికీ నమస్కారం. మా మావయ్యగారి 1968 స్టాండర్డ్ హెరాల్డ్ నెల్లిమర్ల దారిలో ఒక షెడ్డులో ఏళ్ల తరబడి పడుంది. బాడీ కింద అంచులన్నీ తుప్పు తినేసింది. కింద బరువు మోసే ఇనప చట్రం, అదే చాసిస్, మాత్రం సుత్తితో కొడితే ఖంగుమంటోంది. 948 సీసీ ఇంజను తిరుగుతోంది. దీన్ని కాస్త కురచ చేసి ఇద్దరు కూర్చునే ఓపెన్ కారు కట్టాలని నా ఆశ. పొడుగు బానెట్, గుండ్రటి లైట్లు, మోచెయ్యి ఆన్చుకోవడానికి వీలుగా కిందికి వంగిన తలుపు.

కంప్యూటర్‌లో బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌తో మొత్తం గీశాను. చూసినోళ్లంతా అదిరిందన్నారు. టింకరింగ్ మేస్త్రి మాత్రం ఫోను అటూ ఇటూ తిప్పి, "బొమ్మ బాగుంది బావూ, రేకెక్కడ మొదలెట్టాలో సెప్పు" అని తిరిగిచ్చేశాడు. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఎంత తగ్గించొచ్చు? ఈ మోడల్‌ని రేకు దాకా ఎలా తేవాలి?

డ్రాయింగు మేష్టారు, శ్రీకాకుళం

బాబూ, ప్రీమియర్ పద్మిని కారుతో ఈ పని పెట్టుకుని ఉంటే వద్దనేవాణ్ణి. దానికి బాడీయే చాసిస్, కోస్తే బలమంతా పోతుంది. హెరాల్డ్‌కి చాసిస్ వేరు, బాడీని బోల్టులతో బిగించారు. అందుకే హెరాల్డ్‌ని పుట్టించిన బ్రిటన్ ట్రయంఫ్ కంపెనీయే నీకన్నా ముందు ఈ పని చేసేసింది. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఇదే చాసిస్‌ని కురచ చేసి కట్టిన కారు. రెండింటి రూపం గీసిందీ ఇటలీ డిజైనరు మికెలొట్టియే. హెరాల్డ్ వీల్‌బేస్ 2324 మి.మీ., స్పిట్‌ఫైర్‌ది 2108. నువ్వూ అక్కడే ఆగు. ఇంజను బలాన్ని వెనక చక్రాల వైపు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కూడా ఆ మేరకు తగ్గించి బ్యాలెన్సింగ్ చేయించాలి.

ఒక మెలిక ఉంది. స్పిట్‌ఫైర్‌లో చాసిస్ పక్క పట్టీలు తీసేసి, తలుపుల కింద బాడీ గుమ్మాల మీద బరువు వేశారు. నీ బాడీ ఉత్త తొడుగే అయితే పక్క పట్టీలు ఉంచెయ్. లేదంటే జాకీ ఎత్తినప్పుడల్లా చాసిస్ వంగి తలుపు పట్టేస్తుంది.

ఇక మోడల్. నువ్వు తోలు ముందు గీసి లోపల ఎముకలు ఇరికిద్దామనుకుంటున్నావు. ఆ బాడీని కొన్నాళ్లు దాచెయ్. చాసిస్, ఎయిర్ క్లీనరుతో సహా ఇంజను, రేడియేటరు, పెడళ్లు, స్టీరింగు, సీట్లో నువ్వు: ఇవి కొలిచి పెట్టు. తర్వాత చక్రాలు. హెరాల్డ్ 25 అడుగుల వలయంలో తిరిగిపోయే బండి. ముందు చక్రాలు అంతలా మెలి తిరుగుతాయి. ఫుల్‌గా తిప్పి, స్ప్రింగు పూర్తిగా నొక్కేసిన స్థితిలో చక్రాన్ని మోడల్‌లో పెట్టి చూడు, మడ్‌గార్డు లోపల ఏం మిగులుతుందో. వెనక స్వింగ్ యాక్సిల్. చక్రం నిట్టనిలువుగా లేవదు. డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె) పక్కనున్న కీలు మీద తిరుగుతుంది, పైకి లేచేకొద్దీ టైరు తల లోపలికి వాలుతుంది. కంప్యూటర్‌లో కూడా ఆ కీలు చుట్టూనే తిప్పాలి. ఇవన్నీ తేలాకే బాడీ బయటికి తియ్.

రేకుపని, రాజాం

మేస్త్రి అడిగినదాంట్లో తప్పేటుంది? మేం కొట్టేది రెండరు (కంప్యూటర్ బొమ్మ) మీద కాదు కదా. బ్లెండర్‌లోనే ఒక పని సెయ్యి. అతుకులు ఎక్కడ రావాలో సీమ్ గుర్తులెట్టి అన్‌ర్యాప్ సెయ్యి, అంటే బొమ్మని ఇప్పి సదునుగా పరువు. ఆ పరిసిన బొమ్మ కనపడే యూవీ ఎడిటర్‌లో స్ట్రెచ్, అంటే ఎక్కడెంత సాగిందో, సూపించమను. నీలంగా ఉన్నకాడ రేకు ఊరికే వంచితే సాలు. పచ్చ, పసుపు వచ్చినకాడ సాగ్గొట్టాల, అక్కడే కూలీ. ఎరుపైతే అతుకు మార్సుకో. తలుపు మీది నీ వంపు పసుపు దాటుతాదని నా అనుమానం.

తర్వాత 100 మి.మీ.కొకటి అడ్డకోతలు తీసి, 12 మి.మీ. ప్లైవుడ్‌తో అచ్చు కట్టించు. 20 గేజి సీఆర్ షీటు (కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు) దాని మీద పెట్టుకుని కొడతాం. పక్క రూపాన్ని అసలు సైజులో ఫ్లెక్స్ షాపులో వేయించి షెడ్డు గోడకి కట్టు. మేస్త్రి సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి నీతో తగువాడతాడు, అప్పుడు పని నడుస్తాది. ఫ్లెక్స్ సాగుతాది కాబట్టి కోతల నమూనాలకి వాడకు, వాటిని స్టిక్కర్ వినైల్ మీద వేయించి ప్లైవుడ్‌కి అంటించు. ప్రతి షీటు మీదా 1000 మి.మీ. గీత ఒకటి పెట్టు, టేపుతో కొలిచాకే డబ్బులియ్యి.

ఆర్సీ ముందు, విశాఖ

రోడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 2021 వింటేజ్ (పాతకాలపు బండ్ల) నిబంధనల కింద 50 ఏళ్లు దాటిన బండికి వీఏ సిరీస్ నంబరు వస్తుంది గానీ, చాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. కోస్తే ఆ దారి మూసుకున్నట్టే.

గంటస్తంభం కుర్రోడు

మేష్టారూ, చక్రం తిప్పి చూశాను. టైరు మడ్‌గార్డులోంచి బయటికొచ్చేసింది! ఆర్సీ మాట మావయ్యకి చెప్తే అసలు బండి కొయ్యడానికి ససేమిరా అన్నారు. దాన్ని ఉన్నది ఉన్నట్టు బాగు చేయించి, చిన్న కారుకి కాగితాల్లేని వేరే చాసిస్ వెతుకుతాను. అది మామిడితోటలో తిరగడానికే.

డ్రాయింగు మేష్టారు

మంచిది. అయితే మావయ్య బండి బాడీ దించేముందే చాసిస్ బోల్టు రంధ్రాల మధ్య దూరాలు, మూల నుంచి మూలకి కొలతలు రాసిపెట్టుకో. తెచ్చే చాసిస్ వంకరో కాదో వాటితోనే పట్టుకోవాలి. మూలల కొలతలు రెండూ కలవకపోతే చవగ్గా ఇస్తానన్నా తీసుకోకు.