ఇంట్లోవాళ్లే కెమెరా ముందు బిగుసుకుపోతున్నారు, కొత్తవాళ్లతో ఈ బాధ లేదు. ఎందుకు?

మసకగాజు (ప్రశ్న)

నేను చేస్తున్న సిరీస్ ఇదీ: ఒక పేజీలో మా ఇంటి మనిషి మొహం, ఎదురు పేజీలో ముక్కూ మొహం తెలియని మనిషి మొహం. పేర్లు ఉండవు, వరసలు ఉండవు. చూసేవాళ్లకి ఎవరు మావాళ్లో, ఎవరు బయటివాళ్లో తెలియకూడదు. అదీ ప్లాన్.

ప్లాన్ పారట్లేదు. ఎవరికి చూపించినా ఠక్కున చెప్పేస్తున్నారు, అదీ పోలికలు పట్టి కాదు. "బయటివాళ్లు నిన్ను చూస్తున్నారు, ఇంట్లోవాళ్లు కెమెరాని చూస్తున్నారు" అంది ఒక ఫ్రెండ్. అప్పటి నుంచి నాకూ అదే కనిపిస్తోంది.

అమ్మకి ఒక ఫోటో మొహం ఉంది. మామూలుగా మాట్లాడుతుంటే కింది పెదవి కాస్త పక్కకి లాగుతుంది, ఎడమ కనుబొమ్మ లేస్తుంది. కెమెరా ఎత్తగానే ఆ రెండూ మాయం. గడ్డం పైకి, పెదవులు గట్టిగా మూసి, గుర్తింపు కార్డు కోసం దిగినట్టు ఉంటుంది. ఒక ఫోటో అవగానే "అయిందా అమ్మాయ్?" అని లేచిపోతుంది.

నాన్న ఇంకో రకం. ఫోటో అనగానే కళ్లజోడు తీసి జేబులో పెట్టేసుకుంటారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని కళ్లజోడు లేకుండా చూసింది నిద్రపోతున్నప్పుడే. కళ్లజోడు తీసిన మొహంలో ముక్కుకి రెండు పక్కలా ఆ ప్యాడ్ల నొక్కులు ఎర్రగా కనిపిస్తుంటాయి. అవి కనపడకూడదని తల కాస్త పక్కకి తిప్పుతారు. తమ్ముడు వద్దనడు గానీ, నేను కెమెరా తీసేసరికి ఏదో పని గుర్తొచ్చి గదిలోంచి వెళ్లిపోతాడు. వాడి కూతురికి ఆరేళ్లు. అది మాత్రం బ్రహ్మాండంగా కూర్చుంటుంది. కానీ ఆరేళ్ల పిల్ల "సరే" అంటే దాన్ని సరే అనుకోవచ్చా?

బయట ఇదేమీ లేదు. బస్సు కోసం కూర్చున్న ఒక పెద్దావిడని అడిగాను, ఫోటో తీసుకోవచ్చా అని. "ఎలా ఉండమంటావ్?" అంది. మీ ఇష్టం అన్నాను. సంచి ఒళ్లో పెట్టుకుని, దాని పట్టీని చూపుడువేలికి చుట్టుకుంటూ నన్ను తేరిపార చూసింది. అలాంటి చూపు మా అమ్మ దగ్గర ఒక్కసారి కూడా దొరకలేదు.

ఫుల్‌ఫ్రేమ్ బాడీ, 85 ఎంఎం లెన్స్, ఎప్పుడూ ఎఫ్ 1.8 మీదే (అంటే లెన్స్ రంధ్రం బాగా పెద్దగా తెరిచి). ఇంట్లో కిటికీ వెలుతురు, బయట నీడ పట్టు. ఫ్లాష్ వాడను. ఎక్కడ తేడా కొడుతోంది?

అంగుళం

ముందు ఆ ఎఫ్ 1.8 వదిలెయ్యండి. 85 ఎంఎం లెన్స్‌తో మీటరు దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది మొత్తం ఒకటిన్నర సెంటీమీటరు. కన్ను పదునుగా ఉంటే ముక్కు కొస అప్పటికే మసక. అందుకని మీరు తెలియకుండానే "కదలకు, కదలకు" అంటూ ఉంటారు. కొత్తవాళ్లతో మర్యాద కొద్దీ అనరు, ఇంట్లోవాళ్లతో అనేస్తారు. కదలొద్దు అన్నాక మనిషి బిగుసుకుపోక ఏం చేస్తాడు? ఎఫ్ 4కి వెళ్తే అదే దూరంలో మూడు సెంటీమీటర్ల పైన దొరుకుతుంది, 5.6లో నాలుగున్నర దాకా. రంధ్రం చిన్నదై తగ్గే వెలుతురుకి బదులు ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే చురుకు) పెంచండి. కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు గరుకు) వచ్చినంత మాత్రాన పోర్ట్రెయిట్ పాడవదు.

రెండోది దూరం. లెన్స్ మొహాన్ని మారుస్తుందంటారు గానీ మార్చేది దూరమే. ముక్కు కొసకీ చెవికీ మధ్య పది పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది. అర మీటరు నుంచి తీస్తే చెవి ఉండాల్సిన దానికంటే దాదాపు ఐదో వంతు చిన్నగా పడుతుంది. మీటరున్నర నుంచి తీస్తే తేడా ఏడు శాతమే. ఇంట్లో చనువు కొద్దీ దగ్గరికి వెళ్లిపోతారు, బయట మొహమాటంతో వెనక్కి ఉంటారు. చూసేవాళ్లకి ఈ లెక్కలు తెలియక్కర్లేదు, ఒక పేజీ మొహానికీ ఎదురు పేజీ మొహానికీ పొంతన లేదని తెలిసిపోతుంది. మీ ఫ్రెండ్ పట్టుకున్నదాంట్లో సగం ఇదే అని నా అనుమానం. మీటరున్నర అని ఒక దూరం పెట్టుకుని అందరికీ అదే వాడండి. ఎత్తు కూడా అంతే, లెన్స్ వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. ఆరేళ్ల పాపకి మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే.

కిటికీపక్క

దూరం గురించి అంగుళం గారు చెప్పింది నిజమే. కానీ ఈ జబ్బు లెక్కలతో పూర్తిగా నయం కాదు.

బస్సు కోసం కూర్చున్న ఆవిడకి మీ మొహం అంతకు ముందు తెలియదు. కెమెరా అడ్డం వచ్చినా ఆవిడకి పోయిందేమీ లేదు. అమ్మగారి సంగతి వేరు. ఎదురుగా కూతురు కూర్చుని మాట్లాడుతోంది, ఉన్నట్టుండి ఆ మొహం ఉన్నచోట నల్లటి పెట్టె వచ్చింది. ఇక దేనితో మాట్లాడాలి ఆవిడ? పెట్టెకి చూపించాల్సిన మొహం ఒకటి ఎప్పుడో నేర్చుకుని ఉంటారు, అది తొడుక్కుంటారు.

కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టండి. ఫ్రేమ్, ఫోకస్ చూసుకుని పక్కకి రండి. లెన్స్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర, మీ తల లెన్స్ ఎత్తులో ఉండేలా కూర్చోండి. చేతిలో రిమోట్. సైలెంట్ షట్టర్ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే మీ అమ్మగారు లేచేది ఆ చప్పుడు వినే. మాట్లాడుతూ ఉండండి. ఊరికే కబుర్లు కాదు, ఆవిడ మీతో వాదించే విషయం ఏదైనా ఎత్తండి. ఆ కనుబొమ్మ తనంతట తనే లేస్తుంది.

ఇదేం కొత్త చిట్కా కాదు. పెద్ద ఫిల్మ్ షీట్లు వాడే పాత లార్జ్ ఫార్మాట్ కెమెరాల్లో ఫిల్మ్ హోల్డర్ దోపాక వెనక గాజులోంచి ఏమీ కనపడదు. ఫోటోగ్రాఫర్ గుడ్డ కిందనుంచి బయటికొచ్చి మనిషి ఎదురుగా నిలబడాల్సిందే. ఫోటోగ్రాఫర్ నికొలస్ నిక్సన్ 1975 నుంచి నాలుగు దశాబ్దాలకి పైగా తన భార్యనీ ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లనీ ఏడాదికో ఫోటో చొప్పున అలాంటి కెమెరాతోనే తీశాడు. నలుగురూ ఎప్పుడూ అదే వరసలో నిలబడతారు. వాళ్లు చూసేది లెన్స్‌నా, బావగారినా అని నాకు ఎప్పుడూ సందేహమే.

అమ్మగారు ఫోటో చూసి "ఇది నాలా లేదు" అంటారా? అంటే అందులో నిజం ఉంది. రోజూ అద్దంలో ఆవిడ చూసుకునేది కుడి ఎడమలు తిరగబడిన మొహం. 1977లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే, ఎక్కువమంది తమ అద్దం రూపాన్నే ఇష్టపడ్డారు, వాళ్ల స్నేహితులకేమో మామూలు ఫోటోనే నచ్చింది. ఒక కనుబొమ్మ లేచే మనిషికి ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఒకసారి ఫోటోని కుడి ఎడమలు తిప్పి చూపించండి, ఏమంటారో చూద్దాం.

నాన్నగారి కళ్లజోడు గురించి నేను వాదించను. అది ఆయన నిర్ణయం. అమెరికన్ ఫోటోగ్రాఫర్ లారీ సుల్తాన్ 1980లలో ఏళ్ల తరబడి తల్లిదండ్రుల్ని తీశాడు. సూటు వేసుకుని మంచం మీద కూర్చున్న తండ్రి ఫోటో ఒకటుంది, దిగులుగా ఉంటుంది. దాని గురించి ఆ తండ్రి కొడుకుతో అన్నదాని సారాంశం: ఆ కూర్చున్నది నేను కాదు, నువ్వు; నీ పనికి సాయం చేస్తాను గానీ ఈ ముక్క మాత్రం అందరికీ చెప్పు. సుల్తాన్ ఆ మాటని దాచలేదు, ఫోటోలతో పాటు పుస్తకంలో పెట్టాడు. మీకు కావలసిన నాన్న కళ్లజోడుతో ఉంటాడు, ఆయనకి కావలసిన ఆయన కళ్లజోడు లేకుండా ఉంటాడు. రెండూ తీసి పక్కపక్కన పెట్టి, ఏది వాడాలో ఆయన్నే అడగండి.

పాతరీలు

కాస్త కటువుగా చెబుతాను, ఏమనుకోకండి. ఆ పెద్దావిడ చూపుని మీరు మరీ ఎక్కువ లెక్కేస్తున్నారు. ఆవిడకి పోయేదేముంది? బస్సొస్తే ఎక్కి వెళ్లిపోతుంది. ఆ ఫోటో ఎక్కడ పెట్టారో చూడదు, చుట్టాలెవరూ ఫోన్ చేసి "అదేంటి అలా చిక్కిపోయావ్" అని అడగరు. మీ అమ్మగారిని అడుగుతారు. ఆ మూసిన పెదవుల వెనక ఈ లెక్కంతా ఉంది.

పైగా ఫోటోలో మనం ఆత్మీయత అనుకునేది చాలావరకు ఒంటి తీరే. రిచర్డ్ రెనాల్డి అనే ఫోటోగ్రాఫర్ 2007లో ఒక సిరీస్ మొదలుపెట్టాడు. ఒకరికొకరు బొత్తిగా తెలియని వాళ్లని రోడ్డు మీద ఆపి, ఒకరినొకరు తాకుతూ నిలబడమనేవాడు. భుజం మీద చెయ్యి, నడుం చుట్టూ చెయ్యి. చూస్తే ఒకే ఇంటివాళ్లే అనుకుంటాం. కాబట్టి మీ పజిల్ రెండో వైపు నుంచీ విప్పొచ్చు. ఇంటివాళ్లని కొత్తవాళ్లలా తియ్యడానికి తంటాలు పడే బదులు, అందరికీ ఒకే కుర్చీ, ఒకే వెనక గోడ, ఒకే వెలుతురు పెట్టండి. ఫోటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ పేరున్నవాళ్లని నిలబెట్టి తీసిన ఆ తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ముందే క్యాన్సర్‌తో ఉన్న తన తండ్రినీ తీశాడు. తండ్రి 1973లో పోయారు, ఆ మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ ఫోటోలని ప్రదర్శించింది. కొడుకన్న మినహాయింపేమీ వాటిలో కనపడదు. అలా తియ్యాలో వద్దో అని జనం అప్పుడూ వాదించుకున్నారు, నేనైతే తియ్యలేను.

కొత్తవాళ్లతో ఇంకో పని మిగిలిపోతుంది, దాన్ని అందరూ వదిలేస్తారు. ఫోటోగ్రాఫర్ డొరోథియా లాంజ్ 1936లో తీసిన "వలస తల్లి" (మైగ్రెంట్ మదర్) ఫోటో ప్రపంచమంతా తిరిగింది, కానీ లాంజ్ ఆమె పేరైనా అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో గానీ బయటికి రాలేదు. ఆ ఫోటో వల్ల తనకి ఒరిగిందేమీ లేదని ఆమెకి కోపం ఉండేది. దీనికి ఎదురు ఉదాహరణ ఫోటోగ్రాఫర్ డౌద్ బే. 1980ల చివర్లో వీధుల్లో పోర్ట్రెయిట్లు తీసేటప్పుడు, అక్కడికక్కడే ప్రింటూ నెగెటివూ రెండూ వచ్చే పోలరాయిడ్ ఫిల్మ్ వాడేవాడు. ప్రింటు వాళ్ల చేతిలో పెట్టి నెగెటివ్ తను ఉంచుకునేవాడు. మీ దగ్గర ఆ ఫిల్మ్ లేకపోయినా ఫోన్ నంబర్ తీసుకుని ఫోటో పంపొచ్చు. పుస్తకంలో ఎదురు పేజీలో ఎవరుంటారో కూడా చెప్పండి. "మా అమ్మ పక్కన పెడతాను" అంటే కొందరు ఒప్పుకోకపోవచ్చు, అది వాళ్ల హక్కు.

మసకగాజు

అందరికీ థాంక్స్. పాతరీలు గారి కటువు కూడా పనికొచ్చింది.

డైనింగ్ కుర్చీ ఒకటి గోడ దగ్గర వేసి, మీటరున్నర కొలిచి టేప్ అంటించాను. ట్రైపాడ్, ఎఫ్ 4, రిమోట్. అమ్మ మొదట రిమోట్ వైపే చూస్తూ కూర్చుంది, కాబట్టి దాన్ని మోకాలి వెనక దాచాల్సొచ్చింది. తర్వాత నా ఉద్యోగం మారే విషయం ఎత్తాను. ఇక చెప్పక్కర్లేదు, కనుబొమ్మ లేచింది. గొడవ పడుతున్న మొహమే వచ్చింది కొన్నిట్లో, అవి వాడను. ఒకదాంట్లో మాత్రం నేను చెప్పేది వింటోంది, ఒప్పుకోవట్లేదు. అది కావాలి నాకు. తిప్పి చూపిస్తే "ఇదిగో, ఇది నేను" అంది, తిప్పనిది చూపిస్తే "ఇదెవరు, మీ మేనత్తా?" అంది. ఆ 1977 వాళ్లకి మా అమ్మని కూడా లెక్కలో వేసుకోమని చెప్పాలి.

నాన్న రెండు ఫోటోలూ చూసి, మూడోది అడిగారు: కళ్లజోడు తీస్తున్నప్పుడు. చెయ్యి మొహానికి అడ్డం వస్తుందని నేను అంటే, "రానీ" అన్నారు. నొక్కులు ఈసారి దాచుకోలేదు.

తమ్ముడు చివరికి నోరు విప్పి చెప్పాడు, తను ఇష్టంగా లేడని. పాప విషయం ఇంకా తేలలేదు. సిరీస్‌లో తమ్ముడి జాగా ఖాళీగా ఉంచాలా, లేక మొత్తం తీసెయ్యాలా?

కిటికీపక్క

తీసెయ్యండి. ఖాళీ పేజీ పెడితే "వీడు ఒప్పుకోలేదు" అని చాటినట్టు ఉంటుంది, అదీ ఒకరకంగా అతని ఫోటో పెట్టడమే.

పాప విషయంలో ఆరేళ్ల "సరే"కి తల్లిదండ్రుల "సరే" కూడా కావాలి. తమ్ముడు తన ఫోటోకే ఒప్పుకోలేదు కాబట్టి కూతురి గురించి విడిగా, నెమ్మదిగా అడగండి. ఒప్పుకుంటే ప్రింటు వరకే ఉంచి, నెట్‌లో పెట్టకండి. ఒకసారి నెట్‌లోకి వెళ్లాక పదహారేళ్లొచ్చి అది వద్దన్నా మీరు వెనక్కి తీసుకోలేరు. ఫోటోగ్రాఫర్ రినెకె డైక్‌స్ట్రా 1994లో ఒక శరణార్థి శిబిరంలో ఆరేళ్ల బోస్నియా పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి తీసింది. ఆ పిల్ల పెరిగి తల్లి అయ్యేదాకా మళ్లీ మళ్లీ వెళ్లి తీస్తూనే ఉంది. ప్రతిసారీ వెళ్లి తియ్యడమంటే ప్రతిసారీ అడగడమే కదా. మీకు పాప ఇంట్లోనే ఉంది, అడగడం ఇంకా సులువు.

అన్నట్టు, ఒక పేజీకి మీరూ కూర్చోండి, రిమోట్ పాపకివ్వండి. ఇంటివాళ్ల పక్కన పెట్టాలో బయటివాళ్ల పక్కన పెట్టాలో మీరే తేల్చుకోండి.

అంగుళం

లెన్స్‌లోగానీ బాడీలోగానీ స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) ఉంటే ట్రైపాడ్ మీద ఆఫ్ చేసి చూడండి. కొన్నిట్లో ఆన్‌లో ఉంటే ఫోటో సన్నగా అదిరినట్టు వస్తుంది. ఆ టేప్ కూడా తీసెయ్యకండి, కుర్చీ ఎవరో ఒకరు జరుపుతూనే ఉంటారు.