షెడ్డు కట్టకముందే సిటీ టాక్స్ అబేట్‌మెంట్‌కి (ప్రాపర్టీ టాక్స్ మాఫీకి) అప్లై చేయాలా? (డాలస్ దగ్గర పచ్చళ్ల యూనిట్)

ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. డాలస్ పక్క ఊళ్లో నేనూ మావారూ ఏడేళ్లుగా పచ్చళ్లు, పొడుల యూనిట్ నడుపుతున్నాం. ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు కారం. సగానికి పైగా సరుకు టెక్సస్ దాటి న్యూజెర్సీ, జార్జియా షాపులకు వెళ్తుంది. ఇప్పుడున్న చోటు చాలడం లేదు. పక్క స్థలం కొన్నాం. అందులో షెడ్డు, కోల్డ్ రూమ్, జాడీలు నింపే ఆటోమేటిక్ లైన్ పెట్టాలి. షెడ్డుకి 13 లక్షల డాలర్లు, మెషిన్లకి 7 లక్షలు అవుతుందని బ్యాంకుకి లెక్క ఇచ్చాం. పదకొండు మంది పనిచేస్తున్నారు, ఇంకో తొమ్మిది మందిని తీసుకోవాలి.

తెలిసినాయన ఒకరు "సిటీ వాళ్లు పదేళ్లు ప్రాపర్టీ టాక్స్ మాఫీ చేస్తారు, అడగండి" అన్నారు. నిజమేనా? ఎవరిని అడగాలి? వచ్చే వారం కాంట్రాక్టు సంతకం పెట్టి పర్మిట్‌కి వెళ్దామని బిల్డర్ తొందరపెడుతున్నాడు. ముందు కట్టేసి తర్వాత అప్లై చేసుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ప్యాకింగ్ యూనిట్ నడిపే సభ్యుడు):

అమ్మా, ముందు బిల్డర్‌ని ఆపండి. మిగతావన్నీ తర్వాత. సంతకం వద్దు, పర్మిట్ వద్దు, మెషిన్‌కి అడ్వాన్సు కూడా వద్దు.

నేను మొదటిసారి ఇదే తప్పు చేశాను. స్లాబ్ పోసిన మూడు వారాలకు సిటీ ఆఫీసుకి వెళ్లాను. వాళ్లు చాలా మర్యాదగానే చెప్పారు, మొదలుపెట్టిన పనికి మాఫీ ఇవ్వలేమని. ఆ రోజు ఇంటికొచ్చి నిద్రపట్టలేదు. రెండోసారి కొత్త లైన్ పెట్టినప్పుడు పద్ధతిగా వెళ్లి తెచ్చుకున్నాను.

టెక్సస్‌లో ఇది టాక్స్ కోడ్ 312వ అధ్యాయం కింద నడుస్తుంది. మాఫీ గరిష్ఠంగా పదేళ్లు. అది కూడా ఒప్పందం తర్వాత పెరిగిన విలువ మీదే. ఇప్పుడున్న విలువకు ఎప్పటిలాగే కట్టాలి. ఒప్పందం కంటే ముందే ఆ స్థలంలోకి దించిన మెషిన్‌కి రాదు. గోడౌన్‌లోని సరుకుకి రాదు. అందుకే లైన్ ముందే తెప్పించి పక్కన పెట్టుకుందాం అనుకోకండి.

ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా సిటీ ఇష్టం. ప్రతి సిటీ తన గైడ్‌లైన్స్ రాసుకుంటుంది, అవి రెండేళ్లే చెల్లుతాయి. కాబట్టి తెలిసినవాళ్లకి ఎప్పుడో వచ్చింది కదా అని లెక్క వేయకండి. మీ సిటీ ఎకనామిక్ డెవలప్‌మెంట్ ఆఫీసుకి ఫోన్ చేసి ఇప్పటి గైడ్‌లైన్స్ కాపీ అడగండి. కనీస పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని, ఎప్పటిలోగా అప్లై చేయాలి అన్నవి అందులోనే ఉంటాయి.

అడిగినవారు:

బిల్డర్‌కి ఇప్పుడే చెప్పేశానండి, మొహం మాడ్చుకున్నాడు గానీ ఆగాడు. ఇంకో సందేహం. మాఫీ అంటే మొత్తం బిల్లు పోతుందా?

జవాబు (అదే సభ్యుడు):

పోదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మీ బిల్లులో సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ, ఆస్పత్రి అన్నీ కలిసి ఉంటాయి. అందులో పెద్ద వాటా స్కూలుది. స్కూల్ డిస్ట్రిక్టులు ఇలాంటి ఒప్పందాలు చేసుకోకూడదని 2001 నుంచే నిబంధన ఉంది. స్కూలు పన్ను తగ్గించే 313 పథకం 2022 చివరితో ముగిసింది. దాని బదులు వచ్చిన కొత్త పథకం పెద్ద ఫ్యాక్టరీల కోసం, మన స్థాయికి కాదు.

లెక్క ఇలా వేసుకోండి. సిటీ రేటు వంద డాలర్లకు 50 సెంట్లు అనుకుందాం. 20 లక్షల కొత్త విలువ మీద ఏడాదికి 10,000 డాలర్లు. సిటీ సగం మాఫీ చేస్తే మీకు మిగిలేది 5,000. పదేళ్లకు 50,000 అనిపిస్తుంది కానీ అంత రాదు, ఎందుకంటే మెషిన్ల విలువ ఏటా తరుగుతుంది. అయినా ఒక మంచి లేబుల్ మెషిన్ ఖరీదు వస్తుంది కదా, వదులుకోవద్దు. కౌంటీని కూడా విడిగా అడగండి, వాళ్లూ ఒప్పందం చేసుకోవచ్చు.

ఇంకొక విషయం నాకు లాయర్ చెప్పేదాకా తెలియదు. ప్రాపర్టీ విలువ జనవరి 1న ఎలా ఉందో చూసి కడతారు. షెడ్డు ఆ రోజుకి సగమే లేచి ఉంటే సగం విలువ మీద మాఫీ వచ్చి మొదటి ఏడాది వృథా అవుతుంది. మాఫీ కాలాన్ని తర్వాతి ఏడాది నుంచి మొదలుపెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. షెడ్డు పూర్తయిన తర్వాత వచ్చే జనవరి 1 నుంచి లెక్కించమని ఒప్పందంలో రాయించుకోండి.

జవాబు (సీపీఏ, అంటే అకౌంటెంట్, ఆఫీసులో పనిచేసే సభ్యురాలు):

అక్కా, అబేట్‌మెంట్ ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. మీ సరుకు రాష్ట్రం దాటి వెళ్తోంది అన్నారు కదా, మీకు ఫ్రీపోర్ట్ మినహాయింపు దొరకొచ్చు. టెక్సస్‌లో కొన్నా బయటి నుంచి తెచ్చినా, అలా చేతికొచ్చిన 175 రోజుల్లోగా ఇక్కడ తయారుచేసి రాష్ట్రం బయటికి పంపిన సరుకు విలువ మీద ప్రాపర్టీ టాక్స్ ఉండదు. అయితే మీ సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ దాన్ని అమలుచేస్తున్నాయో లేదో చూడాలి. స్కూలు ఇస్తుంటే మాత్రం అదే మీకు పెద్ద ఆదా. మామిడికాయ సీజన్‌లో పట్టిన ఆవకాయ జాడీలకి సరుకు ఎప్పుడు వచ్చింది, జాడీలు ఎప్పుడు ట్రక్కు ఎక్కాయి అన్నదానికి కాగితం ఉండాలి. బిల్ ఆఫ్ లేడింగ్‌లు (ట్రక్కు వాళ్లిచ్చే సరుకు రసీదులు) పారేయకండి.

మెషిన్ల కొనుగోలు మీద సేల్స్ టాక్స్ కూడా చూసుకోండి. తయారీలో నేరుగా వాడే మెషిన్లకు టెక్సస్‌లో సేల్స్ టాక్స్ మినహాయింపు ఉంది. అమ్మేవాడికి మినహాయింపు సర్టిఫికెట్ ముందే ఇస్తే 8.25 శాతం దాకా మిగులుతుంది. అబేట్‌మెంట్‌లా దీనికి సిటీ కౌన్సిల్ ఓటు అక్కర్లేదు. 2025 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 9 (రాష్ట్ర రాజ్యాంగ సవరణ) వల్ల 2026 నుంచి వ్యాపార సామగ్రిలో మొదటి 1,25,000 డాలర్ల విలువకు ప్రాపర్టీ టాక్స్ పోయింది. అంతకుముందు ఆ మినహాయింపు 2,500 డాలర్లే.

సిటీ వాళ్లు అబేట్‌మెంట్ బదులు లోకల్ గవర్నమెంట్ కోడ్ 380వ అధ్యాయం కింద గ్రాంటు ఇస్తామనవచ్చు. అందులో సేల్స్ టాక్స్ వెనక్కి ఇచ్చే రకం మీకు ఉపయోగపడదు, హోల్‌సేల్‌గా అమ్మే పచ్చళ్ల మీద మీరు సేల్స్ టాక్సే వసూలు చేయరు కదా. డబ్బు రూపంలో ఇస్తే, పర్మిట్ ఫీజులు తగ్గిస్తే తీసుకోండి. గ్రాంటు డబ్బు ఆదాయం కింద లెక్కకొస్తుంది, అది మీ సీపీఏకి చెప్పండి.

ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్‌లలో సిటీకి విడిగా డెవలప్‌మెంట్ కార్పొరేషన్లు ఉన్నాయి, వాటికి సేల్స్ టాక్స్‌లో వాటా వస్తుంది. అర్వింగ్, ప్లానో లాంటి చోట్ల సేల్స్ టాక్స్‌లోని ఆ వాటా, డాలరుకి ఒక సెంటు, డార్ట్ బస్సులకీ రైళ్లకీ పోతూ వచ్చింది. అందుకే పక్కపక్క ఊళ్లలో కూడా ఒకరికి దొరికింది ఇంకొకరికి దొరకదు.

అడిగినవారు:

చెల్లీ, చాలా థాంక్స్. సిటీ ఆవిడతో మాట్లాడాను, గురువారం రమ్మన్నారు. ఎన్నాళ్లు పడుతుంది? ఒప్పందంలో భయపడాల్సినవి ఏమైనా ఉంటాయా?

జవాబు (ప్యాకింగ్ యూనిట్ సభ్యుడు):

నాకు అప్లికేషన్ నుంచి ఓటు దాకా నాలుగు నెలలు పట్టింది. ముందు సిటీ మీ స్థలాన్ని రీఇన్వెస్ట్‌మెంట్ జోన్‌గా (మాఫీ ఇవ్వదగిన ప్రాంతంగా) ప్రకటించాలి, దానికి బహిరంగ విచారణ జరుగుతుంది. ఒప్పందం మీద ఓటు వేసే కౌన్సిల్ మీటింగ్ గురించి 30 రోజుల ముందే నోటీసు పెట్టాలి. అందులో మీ పేరు, చోటు, ఏం కడుతున్నారు, అంచనా ఖర్చు అన్నీ ఉంటాయి. ఈ నెలరోజులు ఎవరూ తగ్గించలేరు, బ్యాంకుకీ బిల్డర్‌కీ ఇప్పుడే చెప్పేయండి.

భయపడాల్సింది ఉద్యోగాల సంఖ్య గురించి. ఒప్పుకున్నవి చేయకపోతే మాఫీ చేసిన పన్ను వెనక్కి కట్టాలని ఒప్పందంలో తప్పకుండా ఉంటుంది. తొమ్మిది మందిని తీసుకోగలం అని మీకు గట్టి నమ్మకం ఉన్నా ఆరు అని రాయండి. తొమ్మిది రాస్తే మాఫీ శాతం కాస్త పెరగొచ్చు, కానీ ఒక ఏడాది వ్యాపారం మందగిస్తే పెరిగినదంతా పోతుంది. పార్ట్ టైమ్ వాళ్లని ఎలా లెక్కిస్తారో కూడా రాతలో తీసుకోండి.

ఓటు అయిపోయాక కూడా పని ఉంటుంది. ఏటా సిటీకి షరతులు పాటిస్తున్నామని రాసివ్వాలి. అప్రైజల్ డిస్ట్రిక్టుకి (ప్రాపర్టీ విలువ కట్టే ఆఫీసుకి) మాఫీ దరఖాస్తు ఫారం 50-116 ఏటా ఏప్రిల్ 30 లోపు ఇవ్వాలి. సామగ్రి రెండిషన్ (మీ దగ్గరున్న వ్యాపార సామగ్రి వివరాల పట్టిక) అంతకంటే ముందే, ఏప్రిల్ 15కి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

స్థలం ఎవరి పేర పెట్టారు?

అడిగినవారు:

స్థలం మావారి ఎల్‌ఎల్‌సీ పేర ఉంది. యూనిట్ నా కంపెనీ. మెషిన్లు నా కంపెనీయే కొంటుంది.

జవాబు (ప్యాకింగ్ యూనిట్ సభ్యుడు):

అయితే గురువారం మొదట ఈ మాటే చెప్పండి. షెడ్డు మాఫీ స్థలం యజమానికి, మెషిన్ల మాఫీ మీ కంపెనీకి వస్తుంది. అప్లికేషన్‌లోనూ ఒప్పందంలోనూ రెండు పేర్లూ ఉండాలి. ఒకటే రాస్తే 13 లక్షలో 7 లక్షలో బయట ఉండిపోతుంది. స్థలం ప్లాట్ మ్యాపు, బిల్డర్ కొటేషన్, మెషిన్ కొటేషన్, ఇప్పటి జీతాల పట్టిక తీసుకెళ్లండి. ఏ కొటేషన్ మీదా సంతకం లేకుండా చూసుకోండి. మీటింగ్ అయ్యాక వాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయండి, గైడ్‌లైన్స్ కాపీ పెడితే కలిసి చదువుదాం.